గార్డుగారి రీలు

"తలుపు తీశారంటే ఊరుకోను!" చీకటి బాత్‌రూములోంచి అల్లుడు అరిచాడు.

"ఎవరూ తియ్యడం లేదు లెండి. ఫోటో షాపుకిచ్చి కడిగించండి మహాప్రభో అంటే విన్నారా?" బయటినుంచి భార్య అంది.

"వారం రోజులు పుస్తకం చదివాను. ఈ రీలు నేనే కడుగుతాను."

"ఒక్క రీలు కడగడానికి ఇంత హంగామా ఎందుకు బాబూ?" అత్తగారు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి పక్కన నిలబడ్డారు. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు.

వేరే రీలైతే భార్య అంత కంగారు పడేది కాదు. మామగారు రైలు గార్డు. పోయిన శనివారం ఆయన ఆఖరి డ్యూటీ. నలగని తెల్ల యూనిఫారంలో పచ్చజెండా ఊపుతున్న ఆయన్ని అల్లుడు ముప్పై ఆరు ఫోటోలు తీశాడు. ఇంకెవరూ ఒక్కటీ తియ్యలేదు. మళ్ళీ తీద్దామంటే ఆయన జెండా ఊపే రైలు ఇక లేదు.

లోపల అల్లుడు తలుపు కింది సందులో తువ్వాలు కుక్కి, తడుముకుంటూ రీలు తోక పట్టుకుని లాగాడు. చీకట్లో డబ్బా ఊడగొట్టుకునే బాధ లేకుండా కెమెరాలోంచి తీసేటప్పుడే ఆ తోకను డబ్బా బయటికి ఉంచి చుట్టుకోవడం అతని తెలివే. ఫిల్ము ప్లాస్టిక్ చక్రంలోకి సగం ఎక్కి మొరాయించింది. వేళ్ళకి జిగురుగా తగిలింది. సబ్బు వాసన కూడా వేసింది. జిగురు తన చెమటదనీ, వాసన బాత్‌రూముదనీ సర్దిచెప్పుకున్నాడు. తిట్టి, బతిమాలి, మొత్తానికి ఎక్కించి, వెలుతురు చొరని చిన్న ట్యాంకులో పెట్టి మూత బిగించాడు.

"ఇక లైటు వేసుకోవచ్చు. మూత తియ్యనంతవరకూ భయం లేదు," అన్నాడు బయటికి వచ్చి, ఆపరేషన్ చేసొచ్చిన డాక్టరులా.

మొదట మూత మధ్య కన్నంలోంచి మంచినీళ్ళు పోసి, ఊపి, పారబోశాడు. నీళ్ళతోపాటు ఇంత నురగ వచ్చింది.

"నురగ వస్తుందా?" అంది భార్య.

"వస్తుంది," అన్నాడు. పుస్తకంలో నురగ ఊసే లేదు. కానీ చుట్టూ చేరిన అత్తామామల ముందు ఆ మాట ఎలా అంటాడు?

తరవాత బొమ్మల్ని పైకి తెచ్చే డెవలపరు పోశాడు. మామగారు కుర్చీ వేసుకుని, తన డ్యూటీ వాచీ చేత్తో పట్టుకుని నిమిషాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన ముఖంలో ఆ ఉత్సాహం శనివారం తరవాత మళ్ళీ ఇవాళే కనిపించింది.

"తొమ్మిది నిమిషాలు. బండి వదలొచ్చు బాబూ!"

డెవలపరు పారబోసి, బొమ్మల్ని నిలబెట్టే ఫిక్సరు పోశాడు. అయిదు నిమిషాలు ఆగాలి. మూడో నిమిషానికి అల్లుడికి ప్రాణం ఆగలేదు. అందరి కళ్ళూ వాచీ మీద ఉండగా మూత వేలెడంత ఎత్తి, లోపలికి తొంగిచూసి, గబుక్కున మూసేశాడు. ఏమీ ఎరగనట్టు తనూ వాచీ వైపే చూశాడు.

చివరికి మళ్ళీ నీళ్ళతో కడిగి, ఫిల్మును బయటికి తీసి, బాత్‌రూములో కట్టిన తాడుకి క్లిప్పు పెట్టి వేలాడదీశాడు. అది చుట్టలు విప్పుకుంటూ కిందికి జారింది. ఈ కొసనుంచి ఆ కొసదాకా కటిక నలుపు.

"ఫిల్మంటే నల్లగానే ఉంటుందిగా?" అంది భార్య ఆశగా.

"ఉంటుంది. మధ్యలో బొమ్మలు కూడా ఉంటాయి."

తడి ఫిల్మును కిటికీకి అడ్డంగా పట్టుకుని చూశాడు. రైలు లేదు. జెండా లేదు. మామగారి టోపీ అంచైనా లేదు.

"వెలుతురు తగిలింది," అన్నాడు నీరసంగా. "అది తగిలితేనే ఇలా మాడిపోతుంది."

"తువ్వాలు జారిందేమో?"

"జారలేదు." అల్లుడు తల దించుకున్నాడు. "ఫిక్సరు పోశాక ఆగలేక మూత ఎత్తాను. తప్పు నాదే మామయ్యగారూ. మీ ఆఖరి రోజును నా చేతులతో నేనే తుడిచేశాను."

భార్య నాలుగు మాటలు అనేస్తే బాగుండునని అతనికి అనిపించింది. ఆమె ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

మామగారు వాచీని నెమ్మదిగా జేబులో పెట్టుకున్నారు.

"ఫోటో లేనంతమాత్రాన ఆ రోజు రైలు కదల్లేదంటారా ఎవరైనా? జెండా ఊపాను, బండి వెళ్ళింది. అంతే కదా," అన్నారు.

"మిమ్మల్ని షాపుకి ఇవ్వమన్నానా లేదా?" భార్య అప్పటికి నోరు విప్పింది.

"ఊరుకోవే. ఎంత శ్రద్ధగా చేశాడో నేను చూడలేదూ?" అన్నారు మామగారు.

అత్తగారు మాత్రం వీళ్ళ మాటలు వినడం లేదు. కళ్ళజోడు సర్దుకుని, ఫిల్ము కొసను రెండు వేళ్ళతో పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూస్తున్నారు.

"బాబుకి ఎందుకు శ్రమ అని, మొన్న చొక్కాలతోపాటు దీన్ని కూడా నేనే శుభ్రంగా సబ్బు పెట్టి కడిగి, ఎండలో ఆరేసి, మళ్ళీ డబ్బాలోకి చుట్టి పెట్టాను," అన్నారు ఆవిడ విస్తుపోతూ. "అప్పుడు ఇంత నల్లగా లేదే!"