దానికే నా ఆమేన్

"నాతో మీరే ఏకీభవించాలి, పెద్దయ్యగారూ," అంది దర్జీ భార్య, సంఘపెద్ద పక్కనే మోకరిల్లుతూ.

సంఘపెద్ద ఉలిక్కిపడ్డాడు. ఇలా ఏకీభవించడం ఆ సంఘంలో ఒక అలవాటు. ఆరాధన చివర ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని మోకరిల్లుతారు. ఒకరు మనసులో ప్రార్థిస్తారు, రెండోవారు ఆమేన్ అంటారు. ఏం అడిగావని ఆరా తీయకూడదు. తీస్తే నమ్మకం లేనట్టే.

ఒంట్లో బాగాలేదు, పాస్టరుగారితో చేయించుకోమన్నాడు ఆయన. ఆమె కదల్లేదు. భర్త ఆసుపత్రిలో తెలివి లేకుండా పడున్నాడు. మొన్న రాత్రి సైకిలు మీద ఇంటికొస్తుంటే ఎవరో కారుతో గుద్ది, రోడ్డు మీదే వదిలేసి పోయారు. ఈ సాయంత్రానికి స్పృహ రావచ్చని డాక్టరు అన్నాడట. ఒక్క మాటైనా చెబుతాడేమోనని పోలీసు ఒకడు మంచం పక్కనే కూర్చున్నాడట.

"గుద్దినవాడెవడో నాకక్కర్లేదండీ. మనిషి దక్కితే చాలు," అంది.

అందరూ ఇటే చూస్తున్నారు. ఇక తప్పదని చెయ్యి అందించాడు.

వేదిక ఎక్కి ఆయన ప్రార్థన అందుకుంటే, ఇంట్లో పొయ్యి మీద పెట్టొచ్చిన కూర మాడాల్సిందేనని ఆడవాళ్ళు చాటుగా నవ్వుకుంటారు. గొంతు పెంచి, తగ్గించి, పైకప్పు వంక చూసి, మళ్ళీ మొదటికొస్తాడు. అందులో దేవుడికి చేరేదెంతో ఆయనకే అనుమానం. పెదవులతో కాదు, గుండెతో అడగండని ఇందాక పాస్టరు ప్రసంగంలో అన్నప్పుడు తల దించుకున్నాడు.

ఎండలో నడిచొచ్చినందుకో ఏమో, చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. కళ్ళు మూసుకున్నాడు. బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరు వింటున్నారన్న ధ్యాస లేకుండా కడుపులోంచి దేవుణ్ణి అడిగాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. కన్నీళ్ళు ఆమె చేతిమీద పడ్డాయి.

ఆమె గుండె కరిగిపోయింది. పరాయివాడి కోసం ఇంతగా ఏడ్చే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆయన చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"మీరేం అడిగారో నేనడగను, పెద్దయ్యగారూ. దానికే నా ఆమేన్."

ఆయన అడిగింది ఒక్కటే. ఆ రాత్రి కారు దిగి వంగి చూసినప్పుడు తనను గుర్తుపట్టిన ఆ కళ్ళు మళ్ళీ తెరుచుకోకూడదని.