అద్దం అవతలి రోడ్డు

"బండి తీస్తవా, లేదా?" వెనక నుంచి లారీ డ్రైవర్ రెండోసారి అరిచాడు.

నరహరికి ఆ అరుపు వినిపించింది. కానీ అది ఇంకెవరినో అంటున్నట్టుగా ఉంది. స్టీరింగ్ మీద ఉన్న చేతులు తనవేనని తెలుసు. అయినా నమ్మకం కుదరడం లేదు. ఎదురుగా మామిడిపల్లి చౌరస్తా, ఆటోలు, పుచ్చకాయల బండి, అన్నీ టీవీలో బొమ్మల్లా కదులుతున్నాయి. అద్దం అవతల ఏదో రోడ్డు ఉన్నట్టు. రోజూ తిరిగే ఆర్మూర్ కాదు.

ఎలాగో ట్రాక్టర్‌ను పక్కకు లాగి ఆపాడు. ట్రాలీ నిండా బాల్కొండ నుంచి తెచ్చిన పసుపు బస్తాలు. మార్కెట్ ఇంకో కిలోమీటరు కూడా లేదు. ఆ కాస్త దూరం తోలడం తన వల్ల కాదనిపించి భార్యకు ఫోన్ చేశాడు.

"రజితా, మళ్ల అట్లనే అయితుంది."

"ఏడున్నవ్?"

"చౌరస్తా కాడ."

"బండి తియ్యకు. వస్తున్న."

ఇది మొదలై రెండు నెలలైంది. దుబాయ్ నుంచి వచ్చాక కొన్నాళ్లు బాగానే ఉన్నాడు. కొత్త వీసా వచ్చింది, మూడు నెలల్లో విమానం ఎక్కాలని ఏజెంటు చెప్పిన రోజు నుంచి నిద్ర పట్టడం మానేసింది. ఫోన్ మోగితే చాలు, గుండె దడదడలాడేది. ఒక పొద్దున గడ్డం గీసుకుంటుంటే అద్దంలో మనిషి ఎవరో అనిపించింది. తర్వాత ఇల్లు, వాకిలి, కూతురు వర్షిత నవ్వు కూడా ఎక్కడో దూరాన ఉన్నట్టు అనిపించేవి. పిచ్చి పడుతోందేమోనని ఎవరికీ చెప్పుకోలేదు. రజితకు కూడా మొన్ననే చెప్పాడు.

ఆమె బెదిరిపోతుందనుకున్నాడు. ఆమె మాత్రం బీడీ ఆకు కత్తిరిస్తున్న చేతిని ఆపి, "నిద్ర పడుతుందా?" అని ఒక్క మాట అడిగింది. అంతే.

అతనికి కొత్తేమీ అనిపించలేదు. తాను దుబాయ్‌లో ఉన్న చివరి రెండేళ్లూ వీడియో కాల్‌లో ఆమె ఎటో చూస్తూ కూర్చునేది. నాలుగు మాటలడిగితే ఒకదానికి జవాబు. "నేనంటే నీకు పట్టింపు లేదు" అని అలిగి ఓసారి ఇరవై రోజులు ఫోన్ చేయలేదు. కొందరి మనసు పొడిగానే ఉంటుందని సర్దుకున్నాడు.

రజిత ఆటో దిగి వచ్చింది. సీటు పక్కన ఎక్కి కూర్చుని చల్లటి నీళ్ల సీసా అతని చేతిలో పెట్టింది.

"గట్టిగ పట్టుకో. చల్లగుందా?"

"ఉంది."

"చెప్పులిడిసి కాళ్లు ఆనించు. ఇప్పుడు నీకు కనవడేటియి ఐదు చెప్పు."

"నేనేమన్న చిన్న పోరన్నా?"

"చెప్పు."

నిజామాబాద్ బస్సు. పుచ్చకాయలు. సెల్ టవర్. దూరంగా రాళ్ల గుట్ట. ఐదోది చాలాసేపు దొరకలేదు.

"నువ్వు," అన్నాడు నీరసంగా.

ఆమె నవ్వలేదు. "ఊపిరి మెల్లగ ఇడువు. దాంతోని కొట్లాడకు. కొట్లాడితే ఇంకింత పట్టుకుంటది. వచ్చింది, పోతదని కూసో."

పదిహేను నిమిషాలకు వచ్చిన ఇంకో బస్సు అతనికి ఎర్రగా, నిజం బస్సులా కనిపించింది. ట్రాలీలోంచి పసుపు వాసన ముక్కుకు తగిలింది. అతను నీళ్లు తాగాడు.

"ఇయన్ని ఏడ నేర్చినవ్?"

"ఫోన్ల చూసిన."

పాఠం అప్పజెప్పినట్టున్న ఆ నిబ్బరానికి అతనికి చిరాకు వేసింది. "ఫోన్ల చూసుడు వేరు. సొంత ఇల్లు పరాయి ఇల్లు లెక్క అయితే ఎట్లుంటదో నీకేం ఎర్క?"

రజిత సీసాకు మూత బిగించింది. "బస్తాలు దించి దవాఖానకు పోదాం. ఇయ్యాల బేస్తారం, మనసు డాక్టర్ వస్తడు," అంది.

అతను బండిని మెల్లగా మార్కెట్‌కు తోలాడు. అక్కడ హమాలీలు బస్తాలు దించుతున్నంతసేపూ ఆమె పక్కనే నిలబడింది. దవాఖానలో జనం బాగానే ఉన్నారు. బెంచీ మీద ఇద్దరూ ఒదిగి కూర్చున్నారు. అతనికి ఒళ్లంతా అలసటగా ఉంది. నెల రోజులుగా గొంతులో అడ్డంపడ్డ మాట ఆ అలసటలోనే బయటికి వచ్చింది.

"నేను మళ్ల దుబాయ్ పోను, రజితా."

"పోకు."

"గంతేనా? ఇల్లెట్ల నడుస్తదని అడగవా?"

"ఇన్నేండ్లు నడిపిన. నువ్వు ఉంటే ఇంకింత నడుస్తది."

అతను తల వంచుకున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆమె తన కొంగు అందించింది.

"ఇది మొత్తం పోతదా?" అన్నాడు.

"పోతది. ఒక్కపారే పోదు. తగ్గిందనుకున్నంక జర మళ్ల కనవడ్తది. అప్పుడు ఆగం కావద్దు."

"నన్ను చూస్తే నీకు భయమైతలేదా?"

"లేదు."

ఆ ఒక్క మాట ఈసారి అతనికి పొడిగా అనిపించలేదు. ఆమె చేయి పట్టుకున్నాడు. బీడీలు చుట్టి గట్టిపడ్డ వేళ్లు. ఇవి మాత్రం నిజమే అనుకున్నాడు.

వాళ్ల వంతు వచ్చింది. గది ముందు చిన్న బల్ల దగ్గర నర్సు పేర్లు రాస్తోంది. నరహరి ముందుకు వంగి తన పేరు చెప్పబోయాడు. ఆమె తలెత్తింది కానీ అతన్ని చూడలేదు. అతని భుజం మీదుగా వెనక్కి చూసి, పెన్ను కింద పెట్టింది.

"నీకు మళ్ల మొదలైందా, రజితక్కా?"