తన్మయి పెడితేనే

"నువ్వు జర బయట కూసో, బిడ్డా. తన్మయి ఒస్తది" అంది రెబెక్క.

జ్యోతి చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. మెత్తగా పిసికిన పప్పన్నం, చిన్న చెంచా, గ్లాసులో చిక్కటి రాగిజావ. అన్నీ తనే చేసింది. జావలో ఒక్క ఉండ కూడా లేకుండా చెయ్యి నొప్పి పుట్టేదాకా కలిపింది.

"నేను పెడ్తనమ్మా. ఎట్ల పెట్టాల్నో నాకెరికే."

"ఎరికేలే. బయట కూసో."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పైవాటాలో ఉండే ఇంటివాళ్ల అమ్మాయి తన్మయి లోపలికి వచ్చి, "ఇలా ఇవ్వు జ్యోతీ, చల్లారిపోతుంది" అంటూ పళ్ళెం అందుకుంది. జ్యోతి గడప దాటగానే వెనక తలుపు మూసుకుంది.

రెబెక్కకు మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల జబ్బు. మొదట కాళ్లు తడబడ్డాయి, తర్వాత చేతులు వణికాయి, ఈ ఏడాది గొంతు దాకా వచ్చింది. మింగినది దారి తప్పి ఊపిరి గొట్టంలోకి పోతుంది. పలచని నీళ్లతో ఇంకా భయం, అందుకే జావ. మింగడం నేర్పడానికి దవాఖానలో ఒక మేడమ్ ఉంది. ఆమె చెప్పినవన్నీ జ్యోతికి కంఠతా వచ్చు. నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం ఛాతీ వైపు దించి మింగించాలి. ఒక ముద్ద దిగాకే ఇంకోటి. టీవీ వద్దు, మాటలు వద్దు, తిన్న వెంటనే పడుకోవద్దు.

అమ్మకు జబ్బు ముదిరినప్పుడు జ్యోతిని ఊళ్లో నాయనమ్మ దగ్గర ఉంచారు. రెండేళ్లుగా చదువు అక్కడే. ఇప్పుడు తెలంగాణ రాష్ట్రం కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెతో బడి మూతపడింది. బస్సుల్లేకపోయినా షేర్ ఆటోలు మారుతూ, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఎండలో నిలబడి, ఎల్బీనగర్ చేరుకుంది. అమ్మకు తన చేత్తో తినిపించాలని దారంతా అనుకుంటూనే వచ్చింది.

తీరా వచ్చాక రోజూ కిటికీ కింద కూర్చోవడమే అయింది. లోపల చెంచా చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. మాటలు కూడా అక్కర్లేనంత దగ్గరయ్యారు ఇద్దరూ అనుకుని గోళ్లు కొరుక్కునేది. అన్నం ముందు ప్రార్థన కూడా ఆ పిల్లే చేస్తుందేమో, ఆమెన్ అనడం కూడా నేర్చుకుందేమో.

నాన్న యోబు ఆర్టీసీ కండక్టరు. సమ్మెలో ఉన్నాడు. పొద్దంతా దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద వంటావార్పులో గడిపి, సాయంత్రం పొగ వాసనతో ఇల్లు చేరేవాడు. ఆయనా తన్మయినే మెచ్చుకునేవాడు. మునుపు అన్నం చూస్తేనే రెబెక్క భయపడేదట, ఎముకలు తేలాయట, ఈ పిల్ల తినిపించడం మొదలుపెట్టాకే మళ్లీ మనిషైందట. జ్యోతి తల దించుకుని వినేది. తిన్నది ఒంటికి పట్టేది కాదు.

ఒకరోజు మెట్ల దగ్గర తన్మయిని ఆపింది. "రేపటి సంది రాకు. మా అమ్మకు మేమే పెట్టుకుంటం."

తన్మయి నవ్వింది. "మీ నాన్న రాష్ట్రం అడుగుతున్నారు. నువ్వు అమ్మని అడుగుతున్నావా?"

"నవ్వకు."

"సరే, నవ్వను. కానీ ఆంటీ పిలిస్తే మాత్రం వస్తాను."

పిలిస్తే అన్న మాట జ్యోతికి ముల్లులా దిగింది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ పడుకుందని తన్మయిని మెట్ల మీంచే వెనక్కి పంపింది. తన్మయి వాళ్లమ్మతో గుడికి పోయిందని అమ్మకు చెప్పింది. ఆ పిల్ల వచ్చేదాకా ఆగుదామంది రెబెక్క. అన్నం చల్లారుతుందని జ్యోతి పట్టుబట్టింది. రెబెక్క తలుపు వైపు చూసి, చివరికి నోరు తెరిచింది.

మొదటి ముద్ద బాగానే దిగింది. రెండోదీ దిగింది. ఇంత తేలికైన పనికి ఆ పిల్లను నెత్తిన పెట్టుకున్నారా అనిపించింది జ్యోతికి.

కానీ రెబెక్క చూపు పళ్ళెం మీద లేదు. జ్యోతి జడ మీద, చెవుల మీద, ఎండకు కమిలిన బుగ్గల మీద తిరుగుతోంది. గడ్డం దించమని జ్యోతి సైగ చేసింది. ఆమె దించలేదు. మూడో ముద్ద నోట్లో ఉండగానే పెదవులు కదిలాయి. తన్మయి కోసమే అడగబోతోందని జ్యోతికి ఒళ్లు మండింది.

అంతలో దగ్గు. వెంటనే ఆ దగ్గు కూడా ఆగిపోయింది. రెబెక్క కళ్లు పెద్దవయ్యాయి, ముఖం నల్లబడింది, చేతులు గాలిలో దేనికోసమో వెతికాయి. జ్యోతి బుర్రలో ఒక్క జాగ్రత్తా మిగల్లేదు. నోటికొచ్చింది ఒక్కటే పేరు.

తన్మయి రెండేసి మెట్లు దూకుతూ వచ్చింది. రెబెక్కను ముందుకు వంచి, వీపు మీద రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా చరిచింది. మళ్లీ చరిచింది. ముద్ద బయటపడింది. గాలి లోపలికి పోయిన చప్పుడు గదంతా వినిపించింది.

తన్మయి ఆమె మూతి తుడిచి, నేల తుడిచి, జ్యోతిని ఒక్క మాటా అనకుండా పైకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

"నేను రేపే ఊరికి పోత" అంది జ్యోతి గోడవైపు తిరిగి. "గా తన్మయినే బిడ్డ అనుకో. ఆమె పెడ్తె దిగుతది. నేను పెడ్తె ఎందుకు దిగదమ్మా?"

రెబెక్క ఊపిరి కూడదీసుకుంది. వణికే చేత్తో కూతురి జడ పట్టి దగ్గరికి లాక్కుంది. గొంతు గీరుకుపోయి మాట బొంగురుగా వచ్చింది.

"ఆ పిల్ల పెడ్తుంటె నాకు మాట్లాడబుద్ధి కాదు, బిడ్డా."