ఫారం కోడి

అన్నయ్య కూడా పనికిరాడని తేలిపోయింది.

డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చి, బెంచీ మీద కూలబడి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "షుగరంటరా! నాకు! అదీ ఇప్పటిది కాదంట, ఎప్పట్నుంచో ఉందంట."

బెంచీ చివర కూర్చున్న తమ్ముడి గుండె గుభేలుమంది. అవతలి గదిలో అక్క రెండు కిడ్నీలూ పాడై మిషను మీద ఉంది. అయినవాళ్ళెవరైనా ఒక కిడ్నీ ఇస్తేనే గట్టెక్కుతుంది. అక్కతోపాటు ఊరినుంచి వచ్చిన బావని, బీపీ ఎక్కువని పొద్దున్నే పక్కన పెట్టేశారు. ఇప్పుడు అన్నయ్య. ఇక మిగిలింది తనొక్కడే.

"అదేంటన్నయ్యా, రాయిలాంటి ఒళ్ళు కదా నీది! ఇంకోసారి చూడమందాం" అన్నాడు తమ్ముడు.

"రాయా, నా బొందా! ఒళ్ళు వంచి ఎన్నాళ్ళయిందిరా? దున్నడానికి ట్రాక్టరు, కొయ్యడానికి మిషను. బండేసుకుని గట్టుదాకా పోవడం, నీడన కూర్చుని చూడటం, మళ్ళీ బండేసుకుని రావడం. దాహమేస్తే కూల్‌డ్రింకు, ఊసుపోకపోతే చిప్స్ ప్యాకెట్టు. పల్లెటూరు పేరుకేరా."

"ఈ పట్నం బావమరిదిని ఫారం కోడీ, ఫారం కోడీ అని ఎంత ఏడిపించానో" అన్నాడు బావ. "చివరికి మా నాటుకోళ్ళ బతుకే ఇలా ఏడిసింది." నవ్వబోయి మానేశాడు. తమ్ముడి భుజమ్మీద చెయ్యి వేశాడు. "ఏమోయ్, ఇక నువ్వే మాకు దిక్కు."

తమ్ముడు తలూపాడు. ఫారం కోడి అంటే ఇన్నాళ్ళూ ఉడుక్కునేవాడు గానీ, ఈ రెండ్రోజులుగా ఆ మాటే అతనికి కొండంత అండ. పల్లెలో పెరిగిన గట్టి ఒళ్ళు రెండుండగా పట్నం ఒళ్ళెవరిక్కావాలి? ఆ ధైర్యంతోనే నిన్న కళ్ళు గట్టిగా మూసుకుని రక్తం ఇచ్చాడు.

ఇంతలో వరండాలో ఒకాయన గోడ పట్టుకుని, నడుం వంగిపోయి, అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళాడు. చొక్కా కిందనుంచి సన్నటి గొట్టం వేలాడుతోంది. తమ్ముడి చెయ్యి దానంతటదే పక్కటెముకల కిందికి పోయింది. అక్కడే కోస్తారు. కోసి, లోపల చెయ్యి పెట్టి...

"తమ్ముడు గారెవరండీ? మేడం పిలుస్తున్నారు" అంది నర్సు.

లేచాడు. నర్సు వెనకే లోపలికి నడిచాడు.

డాక్టరమ్మ కాగితాల మీదనుంచి తల ఎత్తకుండానే అడిగింది. "ఏం పని చేస్తారు?"

"కూర్చునే పనండీ" అన్నాడు గబగబా. "పొద్దున కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లేచేది సాయంత్రమే. అడుగు తీసి అడుగెయ్యనండి."

పచ్చి అబద్ధం. అతను బట్టల దుకాణంలో సేల్స్‌మన్. కూర్చుంటే యజమాని ఊరుకోడు. అక్కడ లిఫ్టు కొనేవాళ్ళకే. తానులు భుజానేసుకుని మూడంతస్తులూ మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు.

"తిండి?"

"అంతా బయట తిండేనండీ. వేపుళ్ళు, ప్యాకెట్లు. అర్ధరాత్రి కూడా ఏదో ఒకటి నములుతూనే ఉంటాను."

అదీ అబద్ధమే. ఉడకబెట్టిన కూరలూ, రెండు రొట్టెలూ, ఒక పండూ తప్ప భార్య అతని డబ్బాలో ఇంకోటి పెట్టి ఎరగదు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి అతన్నే చూసింది. ఆ చూపుకి అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"భయమేస్తోందా?"

"అబ్బే! భయమెందుకండీ... మా అక్కే కదండీ."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత కాగితాలు పక్కకి పెట్టేసింది. "మీ కిడ్నీ సరిపోదు. మీవాళ్ళకి నేనే చెబుతాను. వెళ్ళండి."

తలుపు దాటేసరికి ఒళ్ళంతా దూదిపింజలా తేలికైంది. బతికిపోయాను అనుకున్నాడు. కానీ బావ ఎదురొచ్చి, అతని మొహం చూడగానే సంగతి గ్రహించాడు. తిట్టలేదు. "నీ తప్పేముందిలేవోయ్" అని వీపు తట్టి, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాటతో, అప్పటిదాకా ఉన్న తేలికంతా ఎటుపోయిందో తెలీదు.

అక్క గదిలోకి వెళ్ళడానికి తలుపు దగ్గర చాలాసేపు తటపటాయించాడు. లోపల మిషను గుయ్యిమంటోంది. అక్క చేతినుంచి ఎర్రటి గొట్టాలు దాంట్లోకి పోతున్నాయి. మొహం ఉబ్బిపోయి గుర్తుపట్టేలా లేదు. అలికిడికి కళ్ళు తెరిచింది.

"వచ్చావా? పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావురా?"

"తిన్నానక్కా." మంచం పక్కన కూర్చున్నాడు. "నాదీ... నాదీ సరిపోదట. పట్నం బతుకు కదా! ఎప్పుడూ కుర్చీకి అతుక్కుని ఉండటం, అడ్డమైన గడ్డీ తినడం. ఒళ్ళంతా గుల్లైపోయింది. లేకపోతే ఈ క్షణంలో ఇచ్చేవాణ్ణి. నీకంటే ఎక్కువా నాకు?"

అక్క సూది లేని చేత్తో అతని తల నిమిరింది. "ఎందుకురా నాతో కూడా ఇన్ని అబద్ధాలు? నీది అన్నివిధాలా సరిపోయిందని డాక్టరమ్మ పొద్దున్నే చెప్పింది. మావాడు ఒట్టి భయస్తుడమ్మా, సరిపోలేదని చెప్పి పంపించెయ్యండని నేనే ఆవిడ కాళ్ళావేళ్ళా పడ్డాను."