తల ఆనే చోట

"సీటుకి తల ఆనే చోట ఆ జిడ్డు వదిలించేసరికి తల ప్రాణం తోకకొచ్చిందమ్మా," అంటూ కార్ల సీట్లు శుభ్రం చేసే పనివాడు చివరగా కండిషనర్ పట్టించాడు. పాత లెదర్ కొత్తదానిలా నిగనిగలాడింది.

ఆ ఇంటి కూతురు గబగబా వచ్చి సీటు తడిమి చూసింది. "నేను చెప్పింది కూర్చునే చోట ఒలికిన టీ మరక ఒక్కటే కదండీ!"

"అక్కడొక్కచోటే తుడిస్తే మచ్చ తేలుతుందమ్మా. సీటంతా ఒకే రంగు రావాలి కదా!"

అది అమ్మ తలనూనె జిడ్డు. అమ్మ పోయి ఏడాదైంది. ఆ మాట కూతురు ఎన్నిసార్లు చెప్పినా, మతిమరుపు ముదిరిన తండ్రి బుర్రకెక్కలేదు. రోజూ పొద్దున్నే కారు తలుపు తీసి, ఆ సీటు వాసన చూసి, "ఇప్పుడే దిగినట్టుంది, వచ్చేస్తుందిలే," అని నిశ్చింతగా కంచం ముందు కూర్చుంటాడు.

ఆమె ఆపేలోపే తండ్రి వచ్చి కారు తలుపు తీశాడు. సీటుకు ముక్కు ఆనించాడు. కాసేపాగి మళ్లీ ఆనించాడు.

"మీ అమ్మ ఏదే?"

ఏడాదిలో మొదటిసారి కూతురు అబద్ధమాడింది. "బజారుకెళ్లింది నాన్నా. వచ్చేస్తుంది."

తండ్రి ఆమె ముఖంలోకి చూశాడు. తలుపు మెల్లగా మూశాడు.

"మీ అమ్మ పోయిందని నాతో ఒక్క మాటైనా అనలేదేం తల్లీ?"