డిచ్‌పల్లి మీదుగా కార్ఖానా

ఇటు జరగండి, ఇంకా ఇటు. చాయ్ తాగేవాళ్లు తాగుతూనే వినండి, మాట్లాడేవాళ్లు మాత్రం కాసేపు నోటికి తాళం వేయండి.

పొద్దున పది గంటలు. కంఠేశ్వర్‌లో ఉండే రాజారాం కారులో ఆయన భార్య గంగుబాయి ఒడిలో బీడీల గంప పెట్టుకుని కూర్చుంది. పదకొండు కొట్టేలోపు ఆ గంప కార్ఖానాలో పడాలి. "ఇంకొక్కపారి ఆలస్యమైతే నీ ఆకు, తంబాకు వేరేటోళ్లకిస్త" అని అక్కడ చుట్టిన బీడీలు తీసుకుని మళ్లీ ఆకు ఇచ్చే ముంశీ నిన్ననే చెప్పాడు. కార్ఖానా ఎంత దూరమంటారా? ముంశీ తుమ్మితే గంగుబాయి ఇంట్లో దీపం ఆరిపోతుంది, అంత దగ్గర. మోకాలు వాచి కారెక్కింది గానీ, లేకుంటే ఆమెకు చెప్పులతో కూడా పనిలేదు.

సందు చివర కారు కుడికి తిరగాలి. ఎడమకు తిరిగింది.

"ఏమయ్యా, ఎటు పోతున్నవ్?"

"డిచ్‌పల్లి."

"డిచ్‌పల్లిల ఏమున్నది?"

"ఏం లేదు. పోయి తిరిగొచ్చుడే."

గంగుబాయి గంపను రెండు చేతులా పట్టుకుంది. "ఎండ గిట్ల తగిలిందా నీకు?"

"మెకానిక్ నరేందర్ ఏమన్నడు? నువ్వు గీ సందుల్నే తిప్పుతున్నవ్, ఇంజన్ వేడెక్కుతలేదు, ఆయిల్ల నీళ్లు చేరి సల్ల లెక్క అయితున్నది, నీ బండికి ఆర్నెల్లకే ఆయిల్ మార్చాలె అన్నడు. మరి మంచిగ వేడెక్కిస్తే? నీళ్లన్ని ఆవిరైతయి. ఇగ మార్చుడే ఉండదు."

"గిట్ల ఎన్ని దినాలసంది తిప్పుతున్నవ్?"

"నెల. పాలకు పోయినా, కటింగుకు పోయినా, గుడికి పోయినా, డిచ్‌పల్లి మీదికెల్లే."

పాలపాకెట్‌కు వెళ్లిన మనిషి ఆ పాలు విరిగాక ఇల్లు చేరుతున్నాడెందుకో గంగుబాయికి అప్పుడు తెలిసింది.

"ఇప్పుడన్న మలుపు. ముంశీ షట్టర్ గుంజుతడు."

"ఇంజన్ వేడి సూపే ముల్లు నడిమికి రానియ్యి."

ఆమె రోడ్డు చూడలేదు. ఆ ముల్లునే చూసింది. అత్తగారింటికి పోతున్న కొత్త పెళ్లికూతురిలా అది ఒక్కో అడుగే వేస్తోంది. డిచ్‌పల్లి వచ్చాక నడిమికి చేరింది. రాజారాం కారు మలిపాడు. పదీ ఇరవై ఐదు.

తిరుగుదారిలో ఊరు తగులుతుండగా పసుపు బస్తాల ట్రాక్టర్లు దారికి అడ్డం వచ్చాయి. మార్కెట్ యార్డు దాకా ఒకటే వరస. ముందు ట్రాక్టరువాడికి పెళ్లయి పిల్లలు పుడితే గానీ వెనకవాడు గేరు వేసేలా లేడు.

పదీ యాభై. గంగుబాయి తలుపు మీద చెయ్యి వేసింది. "నేను దిగి నడుస్త."

"మోకాలు గట్ల పెట్టుకొనా?"

"మోకాలు నాది. ఆకు గూడ నాదే."

ఆ మాటకు రాజారాం కారును రోడ్డు దింపాడు. మట్టిలో, గుంతల్లో, ఒక మేకల మంద నడుమ నుంచి తీసుకొచ్చి కార్ఖానా ముందు ఆపాడు. షట్టర్ మోకాలెత్తు వరకు దిగిపోయింది. గంగుబాయి వంగలేదు, గంపను కాలితో లోపలికి తోసింది.

లోపల నుంచి ముంశీ గొంతు. "గంప వచ్చింది, మనిషేది?"

"మనిషి డిచ్‌పల్లి పోయొచ్చింది. బీడీలు సూడుండ్రి."

లోపల బీడీకట్టలు లెక్కపెట్టే చప్పుడు వినిపించింది. తర్వాత షట్టర్ కింది నుంచి ఒక ఆకుకట్ట బయటికి జారింది, దాని వెనకే తంబాకు పొట్లం. ఆమె అక్కడే అరుగు మీద కూలబడింది.

రాజారాం మాత్రం ఎదుటి షెడ్డులో ఉన్న నరేందర్‌ను చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. "బానెట్ మీద చెయ్యి పెట్టు తమ్మీ. రొట్టె కాల్చొచ్చు. ఇగ ఆయిల్ ముచ్చట ఎత్తకు."

నరేందర్ చెయ్యి బానెట్ మీద పెట్టలేదు. కిటికీలోంచి తల దూర్చి మీటరు చూశాడు. మళ్లీ చూశాడు.

"రాజన్నా, పోయిన నెలనే గద మార్చిన? ఆర్నెల్లకో, ఐదువేల కిలోమీటర్లకో, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలె అన్న. నెలకే ఐదువేలు దాటించినవ్. ఆయిల్ ఇయ్యాలనే మార్చాలె."

రాజారాం ముఖం వాడిపోయింది. గంగుబాయి ఆకుకట్టను ఒడిలో పెట్టుకుని ఆయన్నే చూస్తోంది.

షెడ్డు ముందు సైకిల్‌కు గాలి కొడుతున్న పోశన్నకు జాలేసింది. పంపు ఆపి చెప్పాడు.

"గింతదానికి రంది ఎందుకు రాజన్నా? రేపటిసంది డిచ్‌పల్లికి రివర్సుల పో, ఎక్కిన కిలోమీటర్లన్ని దిగుతయి."