కాస్త చూసి రావాలి కదండీ

"ఈయనెవరో మాకు తెలీదు మేడమ్. ఆ రోజు రోడ్డు మీద చూడ్డమే, మళ్ళీ ఇదిగో మీ ఆఫీసులో చూడ్డం" అన్నాడు ముందు కారాయన, మెడకున్న పట్టీ సర్దుకుంటూ.

"నాకూ అంతే" అన్నాడు వెనక కారాయన, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ. ఆయనకి అరవై దాటాయి. తప్పంతా తనదేనని, ముందు కారుని గుద్దింది తనేనని అడక్కముందే రాసిచ్చేశాడు. అంత మంచివాళ్ళు ఇన్స్యూరెన్సు ఆఫీసు మెట్లెక్కడం అరుదు.

క్లెయిములు చూసే ఆఫీసరమ్మ ఇద్దర్నీ చూసి, మధ్య కుర్చీలో ఉన్న మూడో మనిషి వైపు తిరిగింది. ఆమె ముందు కారాయన భార్య. గుద్దినప్పుడు వెనక సీట్లో ఉంది. తలుపుకీ సీటుకీ మధ్య నలిగిన కుడిచెయ్యి కట్టుతో ఒళ్ళో పడుంది. ఆ చేత్తోనే బట్టలు కుట్టి ఇల్లు నడిపేది. ఇక ఆ వేళ్ళు కత్తెర పట్టవని డాక్టరు రాసిన కాగితాన్ని ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టారు. దెబ్బ తగిలితే ఇచ్చేది వేరు, చెయ్యి పోతే ఇచ్చేది వేరు. ఆ తేడాతో చిన్న ఇల్లు కొనుక్కోవచ్చు.

"మీకు ఈయన తెలుసామ్మా?"

"తనింకా షాకులోనే ఉంది మేడమ్" అని మొగుడే అందుకున్నాడు. "ఏం కావాలన్నా నన్నడగండి, నేను చెప్తా."

"సరే, అయితే ఇది చూడండి." ఆఫీసరమ్మ కంప్యూటరు తెర వాళ్ళ వైపు తిప్పింది. "మీ రెండు కార్ల వెనకాలే ఒక స్కూలు వ్యాను వచ్చింది. దాని ముందద్దానికి కెమెరా ఉంది."

పెద్దాయన మొహం పాలిపోయింది. ముందు కారాయన మాత్రం హుషారుగా తెర మీదికి వంగాడు. మెడ కదల్చలేనివాడు అంత చురుగ్గా వంగడం ఆఫీసరమ్మ చూసింది. తెర మీద ఒక తెల్లకారు వెళ్ళి ముందున్న నీలంకారుని గుద్దింది.

"చూశారుగా. వెనకనుంచి గుద్దింది ఆయనే. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

"గుద్దడం సంగతి సరే. తిట్టుకోవడం కూడా వినండి" అని ఆమె సౌండు పెంచింది.

వ్యాను డ్రైవరు అద్దం దించుకున్నట్టున్నాడు, మాటలు శుభ్రంగా వినిపిస్తున్నాయి. ముందు కారాయన దిగాడు. చితికిన డిక్కీని చూసుకుని, వేలు చూపిస్తూ వెనక కారు మీదికి వెళ్ళాడు. జనం మూగారు.

"ఏమండీ, కాస్త చూసి రావాలి కదండీ. ఇలా అయితే ఎలా చెప్పండి?"

"నువ్వు ఠక్కున ఆపితే నేనేం చెయ్యనయ్యా?"

"సరే సరే, మీరు ముందు నీడకి రండి. ఎండలో నిలబడకండి."

ఆఫీసరమ్మ వీడియో ఆపింది.

"పద్నాలుగేళ్ళుగా ఇదే సీట్లో ఉన్నా. డిక్కీ నుజ్జయినవాడు ముందు అవతలివాడి అమ్మని తలుచుకుంటాడు, తర్వాత అక్కని. 'కదండీ' అన్నవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా."

"పెద్దాయన కదా మేడమ్. సంస్కారం."

"కార్లో పెళ్ళాం చెయ్యి నలిగి అరుస్తుంటే ఆవిణ్ణొదిలేసి, గుద్దినాయన్ని నీడకి రమ్మనే సంస్కారమా? మన మగవాళ్ళు ఇంత మర్యాద ఒక్కరికే ఇస్తారు. పిల్లనిచ్చిన మామకి."

ముందు కారాయన తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. పాపం, నాటకానికి కావలసినవన్నీ నేర్చుకున్నాడు. ఎక్కడ ఆపాలో, ఎప్పుడు దిగాలో, ఎంత గట్టిగా అరవాలో. మామగారిని పట్టుకుని 'నువ్వు' అనడానికే నోరు రాలేదు.

"ఆ వ్యానువాడే తెచ్చిచ్చాడా మీకు?" అన్నాడు చివరికి. "వాడి సొమ్మేం తిన్నాం మేము?"

"నేనే తెచ్చిచ్చాను" అంది భార్య.

ఆ గదిలోకి వచ్చాక ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"మతుండే మాట్లాడుతున్నావా? చెయ్యి ఎలాగూ పోయింది, వచ్చేది కూడా పోగొడతావా? రేపు కేసయితే మాతో పాటు నువ్వూ లోపలికి పోతావు" అన్నాడు మొగుడు.

"పోతాను. మెల్లగా తాకించడమే, ఒంటికేం కాదు అన్నారు. సరేనని ఎక్కి కూర్చున్నాను. అందులో నా తప్పూ ఉంది."

పెద్దాయన లేచి కూతురి దగ్గరికి వచ్చాడు. ఇప్పటిదాకా పరాయివాడిలా క్యాలెండరు చూసిన మనిషి, ఆ కట్టు మీద చెయ్యి వెయ్యబోయి ఆగాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆసుపత్రిలో రోజూ చెప్తూనే ఉన్నా కదే తల్లీ. దగ్గరికి రాగానే బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు. కన్న కూతుర్ని నేను కావాలని గుద్దుతానా?"

"ఆ మాట ఒక్కటి నిజమైతే చాలనుకున్నాను నాన్నా. చెయ్యి పోతే పోయింది, ఎడమచేత్తో కుట్టడం నేర్చుకుందాం అనుకున్నాను. అందుకే ఆ వ్యాను ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళాను."

ఆమె ఎడమచెయ్యి చాపి, తడబడుతూ మౌసు పట్టుకుని వీడియోని మళ్ళీ మొదటికి తెచ్చింది. తెర నిండా తెల్లకారు వెనకభాగం కనిపిస్తోంది.

"పదకొండుసార్లు చూశాను. గుద్దేదాకా నీ బండి వెనక ఎర్రలైటు ఒక్కసారి కూడా వెలగలేదు నాన్నా."